పాప బోల్టుకు పసుపు

4,194వ మీటరు

ఇవాళ్టి నుంచి ఈ పుస్తకం నా చేతికి వచ్చింది. ఇన్నాళ్లూ జేజి రాసేది. జేజి అంటే మా ఆయనకు నాయనమ్మ. ఆమె రెండు కళ్లకూ పొర కమ్మింది. పోయిన వారం రాసిన నాలుగు పంక్తులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "అయిదు దాకా చదివినావు గదమ్మే, నువ్వే రాయి" అని పుస్తకాన్ని నా ఒళ్లో పడేసింది.

"ఏమి రాయల్ల జేజీ?"

"జరిగింది రాయి. అనుకున్నది రాయొద్దు. అనుకున్నవన్నీ రాస్తే పుస్తకాలు యాడ చాల్తాయి?"

కొండను తొలిచే మా యంత్రం కొక్కు అన్నీ గుర్తు పెట్టుకుంటుంది. అయినా ప్రతి సొరంగానికీ చేత్తో రాసిన పుస్తకం ఒకటి ఉండాలని పైవాళ్ల నియమం. వంద మీటర్లకు ఒకసారి మామ దాని కింద వేలిముద్ర వేస్తాడు. చదవడు, చదవడం రాదు.

నలుగురిలో నాకు నోరు పెగలదు. రాయడమైతే ఫరవాలేదు. కాగితం నా ముఖం వంక చూడదు.

ఇక్కడ తేదీ ఎవరూ అడగరు. కొక్కు ఎంత తొలిచిందో అదే మాకు తేదీ. రోజుకు తొమ్మిది మీటర్లు. నా పెళ్లి 2,580 దగ్గర జరిగింది. అంటే ఆరు నెలలు కావస్తోంది.

4,203వ మీటరు

నిన్న ఏమీ జరగలేదని రాయడం మరిచాను. ఇవాళ కూడా ఏమీ జరగలేదు. జరగని రోజే మంచి రోజని జేజి అంటుంది కాబట్టి, ఆ మంచి రోజు ఎలా గడిచిందో రాస్తాను.

కొక్కు రోజుకు ఆరు అడుగులు వేస్తుంది. రెండు మోచేతులు గోడలకు తన్నిపెట్టి, తలను రాతిలోకి తోస్తుంది. తోయడం అయ్యాక మోచేతులు ముడుచుకుని ముందుకు జరుగుతుంది. దాని వెనక పట్టాల మీద మా ఊరంతా జరుగుతుంది. మొత్తం ముప్పై పెట్టెలు, పెట్టెకొక ఇల్లు. మాది తొమ్మిదో పెట్టె. జరిగే ముందు గంట మోగుతుంది. గంట వినగానే ఆడవాళ్లందరం పొయ్యి మీది గిన్నె పట్టుకుంటాం. కొత్తలో నాకు తెలియక మూడు రోజుల పప్పు నేల పాలు చేశాను.

మా ఇంట్లో మగవాళ్లందరూ రాతిని నిలబెట్టే పని చేస్తారు. కొక్కు తొలిచిన చోట పైకప్పు ఊరికే నిలవదు. మా బావ మద్దిలేటి కప్పులోకి బెజ్జం వేసి, అందులోకి జిగురు కడ్డీలు తోసి, మనిషి కంటే పొడుగున్న ఇనుప బోల్టు దించి తిప్పుతాడు. జిగురు గట్టిపడ్డాక ఇనుప పళ్లెం పెట్టి నట్టు బిగిస్తాడు. దాని మీద జాలీ పరుస్తారు. ఆ జాలీ మీద మా ఆయన గొట్టంతో సిమెంటు చిమ్ముతాడు. ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మలు కూడా బూడిద రంగులో ఉంటాయి. అందరి పైనా మేస్త్రి మా మామ ఓబులేసు.

పైన మా ఊళ్లో ఎండకు భయపడి పగలంతా తలుపులు వేసుకుని పడుకునేవాళ్లం. ఇక్కడ రాయి చల్లగా ఉంటుంది. కొండకు అవతల నీళ్లున్న లోయ ఉందట. ఆరు వేల దగ్గర వెలుతురు కనిపిస్తుందని మామ అంటాడు. నాకైతే తొందర లేదు. ఇక్కడే బాగుంది.

4,212వ మీటరు

ఈరక్కకు ఆడపిల్ల పుట్టింది! ఈరక్క మా బావ భార్య, నాకు తోడికోడలు. పొద్దుటి షిఫ్టులో కొక్కు మూడో అడుగు వేసేటప్పుడు నొప్పులు మొదలై, నాలుగో అడుగుకు ముందే పాప వచ్చేసింది. గంట మోగితే ఒక చేత్తో వేడినీళ్ల గిన్నె పట్టుకున్నాను, ఇంకో చేయి ఈరక్క పట్టుకుంది. ఆమె గోళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి.

ఇక్కడొక ఆచారం ఉంది. బిడ్డ పుట్టిన రోజున తండ్రి తన చేత్తో ఒక బోల్టు వేస్తాడు. అది ఆ బిడ్డ బోల్టు. ఇరవై ఒకటో రోజున మొదటి ఉయ్యాల ఆ బోల్టుకే కడతారు. ఊరు ముందుకు పోతుంది, బోల్టు ఉన్నచోటే ఉంటుంది. ఆ లోపల అది ఒక్కొక్క పెట్టె దాటుకుంటూ వెనక్కి పోతుంది. దాన్ని మరిచిపోకుండా ఆ ఇంటి ఆడమనిషి రోజూ వెళ్లి పసుపు పూసి రావాలి. అప్పటిదాకా దానికి ఎవరూ గుడ్డ పేలిక కూడా తగిలించరు.

బావ బోల్టు వేసి, నట్టు బిగించి, పళ్లేన్ని చేత్తో తట్టాడట. "నా కూతురు బరువు నువ్వు మొయ్యల్ల" అన్నాడట. మా ఆయన చెప్పి చెప్పి నవ్వాడు. పసుపు పూసే పని నాకు పడింది.

4,239వ మీటరు

బోల్టు గోడ భుజం మీద, అంటే గోడ కప్పులోకి వంగే చోట ఉంది. పెట్టె పక్కనున్న ఇనుప నిచ్చెన ఎక్కితే చేతికి అందుతుంది. గిన్నెలో పసుపు ముద్ద కలుపుకుని వెళ్తాను. పళ్లేనికి, దాని చుట్టూ సిమెంటుకు జానెడు మేర దట్టంగా పూస్తాను. దారిలో అందరూ "పాప ఎట్లుంది, ఎవరి పోలిక" అని అడుగుతారు. బావ పోలిక అని చెప్తే నవ్వుతారు. బావకు పెద్ద చెవులు. ఇలా రోజూ నడవడం వల్ల ఆ పెట్టెల వాళ్లందరూ నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు. ఇంతకుముందు "బొంత కోడలు" అనేవాళ్లు.

ఆ సంగతి జేజి రాసిన పేజీల్లో 3,100వ మీటరు దగ్గర ఉంది. అందులో నా పేరు లేదు, కానీ చేసింది నేనే. పెళ్లయిన రెండు నెలలకు జేజి బొంత ఉతికి, పెట్టె పైన కనబడిన బోల్టుకు ఆరేశాను. ప్రతి బోల్టు పళ్లెం కింద ఒక గుండీ ఉంటుంది. దాని మీద ఎంత బరువు పడుతోందో అది కొక్కుకు చెబుతుంది. తడి బొంత బరువును రాతి బరువు అనుకుని కొక్కు మూడు గంటలు ఆగిపోయింది. ఊరంతా పరుగెత్తుకొచ్చి చూస్తే అక్కడ బొంత, బొంత పక్కన నేను.

మామ నన్ను ఏమీ అనలేదు. కొక్కును తిట్టాడు. "బొంతకూ బండకూ తేడా తెలీదా నీకు? ఇంగ మీదట యా పెట్టె ఎదురుగా వస్తే ఆ ఇంటి బరువు తీసేసి, ఆడ్నించి సున్న పెట్టి చూడు" అన్నాడు. కొట్లో గిన్నె బరువు తీసేసి సరుకు తూచినట్టు. పెట్టె ఎదురుగా ఉండగా బోల్టు మీద పెరిగిందంతా ఇక ఇంటి బరువే అని కొక్కు లెక్క. అప్పటినుంచి ఆడవాళ్లకు హాయి. బోల్టులకే బట్టలు ఆరేసుకుంటాం. ఇంట్లో కూర్చుని "కొక్కూ, నా బట్టల బరువెంత?" అని అడిగితే చెబుతుంది. బరువు తగ్గితే ఆరినట్టు.

4,284వ మీటరు

నిన్న పూసిన పసుపులో ఇవాళ వెంట్రుకంత చీలిక కనిపించింది. ఆరి పగిలింది కాబోలు. మళ్లీ పూశాను.

పాప ఇవాళ కళ్లు పూర్తిగా తెరిచి చూసింది. కొక్కు అడుగు వేసి ఊరు ఊగినప్పుడు నిద్రపోతుంది, ఆగితే ఏడుస్తుంది. "ఇది నిలకడ మీద ఉండే మనిషి కాదు" అని జేజి తేల్చేసింది.

4,293వ మీటరు

మళ్లీ చీలిక. అదే చోట.

4,302వ మీటరు

ఇవాళ ఒక పని చేశాను. పాప బోల్టు పక్కన, మూడు బారల దూరంలో ఇంకో బోల్టు ఉంది. దాని చుట్టూ కూడా అదే గిన్నెలో పసుపు, అంతే దట్టంగా పూసి వచ్చాను. అది ఎవరి బోల్టూ కాదు. ఎవరైనా చూస్తే ఏమంటారోనని తొందరగా దిగాను.

4,311వ మీటరు

పక్క బోల్టు పసుపు నున్నగా, అద్దినట్టు ఉంది. పాప బోల్టు పసుపు చీలింది. చీలిక నిన్నటి కంటే పొడుగైంది. పళ్లెం పైనుంచి మొదలై పక్కకు వంగుతోంది.

అనుకున్నది రాయొద్దని జేజి చెప్పింది. కాబట్టి ఇక్కడ ఆపుతున్నాను.

4,338వ మీటరు

వారం రోజులుగా రోజూ చీలిక. రోజూ పూస్తున్నాను, రోజూ తెరుచుకుంటోంది. ఇవాళ అందులోకి నా గోరు కొన దూరింది.

అన్నం పెట్టేటప్పుడు మా ఆయనకు చెప్పాను. ఆయన నవ్వాడు.

"పసుపు ఆరితే పగలదా మే? నీ మొగానికి పూసుకునేది పగల్దా?"

"పక్క బోల్టుకు పగల్లేదే."

"పక్క బోల్టుకు ఏంటికి పూసినావు?"

"చూద్దామని."

ఆయన ముద్ద కలపడం ఆపి నా వైపు చూశాడు. తరవాత మెల్లగా అన్నాడు: "అన్న తన చేత్తో ఏసిన బోల్టు సుంకీ. పురిటింట్లో ఆ మాట అనగలమా? ఉయ్యాల ఆరు రోజుల్లో పెట్టుకోని."

"ఉయ్యాల ఉందనే గదా చెప్పేది."

రేపు మామను అడుగుతానన్నాడు. నేను అడగలేను. ఇంటి కోడలు మామతో ఎదురుగా మాట్లాడకూడదు. పెళ్లయిన నాటి నుంచి మామకు నేనొక్క మాట చెప్పలేదు, ఆయనా నాతో ఒక్క మాట అనలేదు. మంచినీళ్లు కావాలంటే చెంబు వంక చూసి "నీళ్లు" అంటాడు. నేను చెంబుకు చెప్పినట్టు "తెస్తాండా" అంటాను.

4,347వ మీటరు

మా ఆయన అడిగాడు. మామ అడిగిన మాట ఒకటే: "కొక్కు ఏమంటాంది?"

"ఇంటి బరువు అంటాంది నాయనా."

"అయితే ఇంటి బరువే."

అయిపోయింది. మామకు కుడి చెవి సరిగా వినపడదు, ముప్పై ఏళ్లు డ్రిల్లు పక్కన నిలబడ్డాడు. ఆ సంగతి ఎవరూ అనరు. ఇదివరకు కడ్డీతో కప్పును తట్టి రాతి సంగతి చెప్పేవాడట. ఇప్పుడు పొద్దున్నే ఒక్కసారి తట్టి దండం పెడతాడు. మిగతాది కొక్కుకు వదిలేశాడు.

4,356వ మీటరు

ఇవాళ నాకు నేనుగా కొక్కును అడిగాను. పాప బోల్టు ఇప్పుడు పన్నెండో పెట్టె ఎదురుగా ఉంది. ప్రతి పెట్టెకూ కొక్కు నోరు ఒకటి ఉంటుంది, జల్లెడలా చిన్న రంధ్రాల పళ్లెం. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, దాని దగ్గరకు వెళ్లి అడిగాను.

"కొక్కూ, ఈ పసుపు బోల్టుకు ఎంత బరువుంది?"

"నమస్కారం సుంకమ్మ గారూ. ఈ ఉదయం సున్న పెట్టాను. ఇప్పుడు ఇంటి బరువు ముప్పై ఎనిమిది కిలోలు. తడి బట్టలు అయి ఉండవచ్చు."

"బట్టలు లేవు."

"దుప్పట్లు అయి ఉండవచ్చు."

"దానికి ఎవరూ ఏమీ కట్టరు. పాప బోల్టు."

"ఆ నియమం నాకు తెలియదండీ. మేస్త్రి గారు చెబితే రాసుకుంటాను."

పసుపు అంటే దానికి తెలియదు. దాని గుండీకి బరువు తెలుసు, ఆచారం తెలియదు. ఊళ్లో అందరికీ ఆచారం తెలుసు, ఆ బోల్టుకు బరువుందని తెలియదు. ఈ రెండూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నాకేమో నోరు లేదు.

ఈ చివరి మాటలు అనుకున్నవి. జేజీ, తప్పు నాదే.

4,365వ మీటరు

పొద్దున ముప్పై ఐదు. మధ్యాహ్నానికి యాభై ఒకటి. పదమూడో పెట్టె ఎదురుగా రాగానే మళ్లీ సున్న.

పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. మా ఆయన ఏమీ అనకుండా తిన్నాడు. తిన్నాక రెండు చెంబుల నీళ్లు తాగి, "పాప బోల్టేనా?" అన్నాడు. అవునన్నాను.

4,383వ మీటరు

రేపే ఉయ్యాల. ఊరంతా సందడిగా ఉంది. జేజి తన పెళ్లి చీరను ఉయ్యాలకు ఇచ్చింది, ఎర్రంచు పచ్చ చీర. బావ ఉయ్యాల తాళ్లను తానే నూనె పెట్టి మెత్తబరిచాడు. ఈరక్క నన్ను పిలిచి పాపను నా ఒళ్లో పెట్టింది. "రేపు ఉయ్యాలలో నువ్వే పండబెట్టల్ల. ఇన్ని రోజులు పసుపు పూసింది నువ్వే గదా" అంది. నేను తల ఎత్తకుండా పాప గుడ్డ సర్దాను. సిగ్గు అనుకుని ఈరక్క నవ్వింది.

సాయంత్రం అట్లకాడ కొంగులో పెట్టుకుని వెళ్లాను. మా నాయన పైన రాతి గనిలో పని చేసేవాడు. బండను ఉలితో తట్టి, ఖంగుమంటే మంచిదని, డొల్లగా మోగితే లోపల విడిపోయిందని చెప్పేవాడు. నా చిన్నప్పుడు మాకదే ఆట. నిచ్చెన ఎక్కి అట్లకాడ పిడితో తట్టాను. పక్క బోల్టు దగ్గర ఖంగుమంది. పాప బోల్టు దగ్గర ఖాళీ బాన మీద కొట్టినట్టు మోగింది. పైన, కింద, పక్కన అంతే.

రేపు దాని కింద పాప ఉంటుంది. ఈరక్క ఉంటుంది. పాట పాడుతూ ఊళ్లోని ఆడవాళ్లందరూ ఉంటారు.

4,392వ మీటరు

ఇవాళ తొందరగా రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే క్షమించాలి.

ఉయ్యాల కోసం కొక్కును ఒక గంట ఆపారు. బోల్టు పదిహేనో పెట్టె ఎదురుగా ఉంది. పక్కనున్న నడవలో జనం కిక్కిరిసి ఉన్నారు. ఈరక్క పాపను ఎత్తుకుని ముందు నిలబడింది. నా చేతిలో పసుపు గిన్నె. బావ తాళ్లు భుజాన వేసుకుని నిచ్చెన మీద కాలు పెట్టాడు. మామ దాని పక్కనే నిలబడి ఉన్నాడు.

నేను నిచ్చెనకు అడ్డం వెళ్లి నిలబడ్డాను. ఎలా వెళ్లానో నాకు తెలియదు.

"ఏం సుంకమ్మా, జరుగు" అన్నాడు బావ.

నేను జరగలేదు. మామ వంక చూడలేదు. పదిహేనో పెట్టెకున్న నోటి వంక తిరిగాను. మామతో మాట్లాడకూడదు గానీ, కొక్కుతో మాట్లాడకూడదని ఎవరూ చెప్పలేదు.

"కొక్కూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఈ పాప బోల్టుకు ఇప్పుడు ఏమి వేలాడుతోందో గట్టిగా చెప్పు. అందరికీ వినపడల్ల."

"నమస్కారం సుంకమ్మ గారూ. ఇంటి బరువు నలభై నాలుగు కిలోలు. తడి బట్టలు అయి ఉండవచ్చు."

అందరూ తలలెత్తి చూశారు. బోల్టుకు పసుపు తప్ప ఏమీ లేదు. బావ భుజం మీద తాళ్లు అలాగే ఉన్నాయి.

"బట్టలు యాడుండాయి?" అంది వెనక ఎవరో ఒకామె.

"కొక్కూ, ఈ బోల్టుకు నువ్వు ఎన్నిసార్లు సున్న పెట్టినావు?"

"పద్నాలుగు సార్లు."

"సున్న పెట్టేటప్పుడు తీసేసినవన్నీ కలుపు. పాప పుట్టిన రోజు నుంచి మొత్తం ఎంతైంది?"

కొక్కు ఎప్పుడూ వెంటనే చెబుతుంది. ఈసారి రెండు ఊపిరులంత ఆగింది.

"ఐదు వందల ఎనభై ఆరు కిలోలు" అంది. మళ్లీ ఒక క్షణం ఆగి, "ఇవి బట్టలు కాకపోవచ్చు" అంది.

ఈరక్క పాపను గుండెకు హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది. నేను తల వంచుకున్నాను. మామ పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ పాదాలు నా వైపు తిరిగాయి, ఆగాయి, తరవాత కొక్కు నోటి వైపు తిరిగాయి.

"కొక్కూ" అన్నాడు మామ. "సున్న పెట్టమని నీకు ఎవరు చెప్పినారు?"

"మీరే, ఓబులేసు గారూ. 3,100వ మీటరు దగ్గర. బొంత విషయంలో."

"గమ్మునుండు." మామ గొంతు సవరించుకున్నాడు. "మా కోడలికి చెప్పు. ఆ పసుపు పూతలో ఏమి చూసిందో చెప్పమను."

"సుంకమ్మ గారూ, మీ మామగారు అడుగుతున్నారు, ఆ పసుపు పూతలో మీరు..."

"ఇనపడింది" అన్నాను. "కొక్కూ, మా మామకు చెప్పు. తొమ్మిదో రోజు నుంచి రోజూ చీలుతాంది. పక్క బోల్టుకు పూస్తే చీలలేదు. నిన్న తట్టి చూసినా, డొల్లగా మోగుతాంది."

"దేంతో తట్టిందో అడుగు."

"అట్లకాడతో" అన్నాను. ఎవరో కిసుక్కుమన్నారు. మామ నవ్వలేదు.

"కొక్కూ, మా కోడలికి చెప్పు. అందరినీ ఎనక్కి పంపి, నా కడ్డీ తీసుకోని నిచ్చెన ఎక్కమను. తట్టేది ఆ యమ్మి, ఇనేది ఆ యమ్మి. డొల్లగా మోగేది యాడి దాకా ఉందో పసుపుతో గీత గియ్యమను." తరవాత, కొంచెం చిన్న గొంతుతో, ఎవరికీ కాకుండా, "నాకు ఆ తేడా సరిగ్గా ఇనపడదు" అన్నాడు.

మామ ఆ మాట అనగా ఊళ్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

జనాన్ని ఇరవయ్యో పెట్టె దాకా పంపేశారు. పదిహేనో పెట్టెను ఖాళీ చేయించారు. ముందు ఇనుప గుంజలు నాలుగు తెచ్చి కింద ఆనించారు. వాటి మధ్య నేను నిచ్చెన ఎక్కాను. నిచ్చెనను మా ఆయన పట్టుకున్నాడు. కడ్డీతో తట్టడం, వినడం, వేలితో పసుపు చుక్క పెట్టడం. చుక్కలన్నీ కలిపితే గోడ భుజం మీద మంచమంత గీత తయారైంది. సరిగ్గా నడుమ బావ వేసిన బోల్టు.

బావ కింద నిలబడి ఆ గీతనే చూస్తున్నాడు. ముఖంలో నెత్తురు లేదు. "నా బోల్టు జారిందా నాయనా? నేను సరిగ్గా తిప్పలేదా?" అన్నాడు.

మామ ఎక్కి నట్టు చూశాడు, పళ్లెం చూశాడు. దిగి వచ్చి బావ మెడ మీద చెయ్యి వేశాడు.

"జారలేదురా. దీని ఎనకాల మట్టి పొర ఉండాది, నీళ్లు తగిలి మంచమంత పలక విడిపోయింది. ఇన్ని రోజులు దాన్ని మోసింది నీ బోల్టొక్కటే."

బావ వెళ్లి డ్రిల్లు తెచ్చుకున్నాడు.

4,392వ మీటరు, రెండోసారి

మీటరు మారలేదు. ఇవాళ కొక్కు అడుగు వేయలేదు. మా ఊరు ఒక రోజంతా ఒకేచోట ఉండడం నేను వచ్చాక ఇదే మొదలు. పాప ఊగడం లేదని ఏడుస్తూనే ఉంది. జేజి, ఈరక్క, నేను వంతులవారీగా భుజాన వేసుకుని తిప్పాం.

పసుపు గీత లోపల బావ ఆరు బోల్టులు వేశాడు, అన్నీ పొడుగువి, మట్టి పొర దాటి మంచి రాతిలోకి. నీళ్లు బయటికి రావడానికి మామ ఒక బెజ్జం వేయించాడు. అందులోంచి గోధుమ రంగు నీళ్లు సన్నగా కారి, తరవాత తేటబడ్డాయి. కొత్త జాలీ పరిచారు. మా ఆయన సిమెంటు చిమ్మాడు. గీత మూసుకుపోతోంటే ఆయన నా వంక చూసి "నీ ముగ్గు చెరుపుతాండా, ఏమనుకోవాకు" అని అరిచాడు. గొట్టం మోతలో ఎవరికీ వినపడలేదనుకున్నాడు. అందరికీ వినపడింది.

4,401వ మీటరు

4,400 దాటింది కాబట్టి మామ వేలిముద్రకు పుస్తకం పంపాను. మామూలుగా అయితే ఒక్క క్షణంలో తిరిగి వస్తుంది. ఈసారి పూట గడిచినా రాలేదు. వెళ్లి చూస్తే మామ జేజి పక్కన కూర్చుని ఉన్నాడు. నా పేజీలు మా ఆయన చదివి వినిపిస్తున్నాడు. ఎడమ చెవి ఆయన వైపు పెట్టి మామ వింటున్నాడు. నేను గుమ్మం చాటున నిలబడిపోయాను. "పప్పులో ఉప్పు రెండుసార్లు" దగ్గర మా ఆయన ఆగి, "ఇది నిజమే" అన్నాడు.

"అనుకున్నవి కూడా రాసేసింది" అంది జేజి.

"రాయనీ" అన్నాడు మామ.

సిరా డబ్బా మూత ఎండి బిగుసుకుపోయింది. నా పసుపు గిన్నె అక్కడే ఉంటే మామ అందులో బొటనవేలు ముంచి పేజీ కింద అద్దాడు. చదివేవాళ్లు అది మరక అనుకోవద్దు.

కొక్కుకు ఇకనుంచి సున్న పెట్టే అధికారం లేదు. ఇంటి బరువు వేరు, రాతి బరువు వేరుగా చెప్పాలి, రెండూ మొదటి రోజు నుంచి కలిపి చెప్పాలి. ఊళ్లో ప్రతి పదో బోల్టుకూ ఆడవాళ్లు వంతుల ప్రకారం పసుపు పూయాలి. ఎవరి పూత చీలితే వాళ్లు నేరుగా మేస్త్రికి చెప్పాలి. "నేరుగానా?" అని ఎవరో అడిగితే, "కోడళ్లకు కొక్కుంది గదా" అన్నాడట మామ.

4,419వ మీటరు

ఇరవై అయిదో రోజు. ఇరవై అయిదూ బేసి సంఖ్యే, ఫరవాలేదని జేజి తీర్పు చెప్పింది.

పొద్దున్నే వెళ్లి కొత్త సిమెంటు మీద రెండు రోజుల కిందట పూసిన పసుపు చూశాను. నున్నగా ఉంది. వేలితో రాసి చూశాను, గోరుతో గీకి చూశాను. ఆ తరవాతే బావను తాళ్లు కట్టనిచ్చాను. నేను తల ఊపేదాకా ఆయన నిచ్చెన మీద ఆగి ఉన్నాడు. పళ్లేన్ని ఈసారి కూడా తట్టాడు.

పచ్చ చీర ఉయ్యాలలో పాపను నేనే పడుకోబెట్టాను. పాట అందుకోవాల్సిన సమయంలో ఎవరూ పాడలేదు. అందరూ పైకే చూస్తున్నారు. ఈరక్క రెండు చేతులూ ఉయ్యాల కిందే పెట్టుకుని ఉంది.

మామ కొక్కు నోటి వైపు తిరగబోయి ఆగాడు. నా వైపు తిరిగాడు.

"సుంకమ్మా" అన్నాడు. "ఎంతుందో అడుగమ్మా."

పెళ్లయ్యాక మామ నాతో అన్న మొదటి మాట అది. నా చెవులు వేడెక్కాయి. చెంబు కోసం చూశాను, అక్కడ చెంబు లేదు.

"అడుగుతా మామా" అన్నాను. "కొక్కూ, పాప బోల్టుకు ఏమి వేలాడుతోంది?"

"నమస్కారం సుంకమ్మ గారూ. ఇంటి బరువు ఐదు కిలోల రెండు వందల గ్రాములు. ఇందులో చీర, తాళ్లు ఒక కిలో. మిగిలినది పాప గారు."

"రాయి?"

"నిన్నటి నుంచి ఏమీ పెరగలేదు."

ఈరక్క చేతులు తీసేసింది. అప్పుడు గంట మోగింది. అలవాటు కొద్దీ ఆడవాళ్లందరం ఏదో ఒకటి పట్టుకోబోయాం, గిన్నెలు అక్కడ లేక ఒకరి చేతులు ఒకరం పట్టుకున్నాం. కొక్కు అడుగు వేసింది. పక్కనున్న పదిహేడో పెట్టె మెల్లగా ముందుకు జరిగిపోయింది. ఉయ్యాల మాత్రం ఉన్నచోటే, నిలకడగా ఉంది. పాప ఏడవలేదు.